పదకొండు చీటీలు

జనవరి 6, సోమవారం

"గుణం" గుంపు ఇవాళ నా బల్ల మీదికి వచ్చింది. గుణం, స్వభావం, నైజం, తత్వం, సారం. వస్తువు లోపల ఉండేదానికి మనవాళ్ళు పెట్టుకున్న పేర్లన్నీ ఒకే కట్టలో. పంతొమ్మిదేళ్ళుగా ఈ నిఘంటువు ఆఫీసులో చేస్తున్నాను, చీపురు దగ్గర్నుంచి చుక్కల దాకా ఎన్ని మాటలకి అర్థాలు రాశానో. ఎప్పుడూ ఇంత తల ప్రాణం తోకకి రాలేదు. చీపురంటే ఎదురుగా చీపురుంటుంది. నైజం ఎక్కడుందని చూసి రాయను?

అర్థాలు ఎలాగో రాశాను. సారం పిండితే దిగేది, గుణం వాడితే తెలిసేది, తత్వం ఒంటికో మందుకో ఉండేది, నైజం దాచినా బయటపడేది. నైజం అన్న మాట ఎవరినైనా మెచ్చుకునేటప్పుడు దాదాపు రాదు, గమనించాను.

చిక్కంతా ఉదాహరణలతోనే. ఒక్కో అర్థానికి మనుషుల నోట విన్న వాక్యాలు మూడు ఉండాలని మా ఆఫీసు నియమం. కూర్చుని అల్లినవి పనికిరావు. చీటీ మీద మాట, వాక్యం, ఎవరన్నారు, ఎక్కడ, ఏ తేదీ, విన్నవారి పొడి అక్షరాలు. అన్నీ ఉంటేనే చీటీ, లేకపోతే చిత్తుకాగితం అంటారు చీటీల మాస్టారు. బడిలో పాఠాలు చెప్పే రోజుల్లోనే, ముప్ఫయ్యేళ్ళ క్రితం మొదలుపెట్టారేమో, జేబులో ఖాళీ చీటీలు పెట్టుకుని వీధులన్నీ తిరుగుతారు. మంగలి షాపు, బస్టాపు, ఆసుపత్రి వరండా, రంపం మిల్లు. ఆయన తెచ్చిన చీటీలు నలభై వేలు దాటాయి. మా నిఘంటువుకి చెవులంటూ ఉంటే ఆయనవే.

నా గుంపుకి మాత్రం పదకొండు చీటీలు తక్కువ పడ్డాయి. స్వభావానికి రెండున్నాయి, మూడోది లేదు. నైజానికి ఒక్కటే. సారానికి అసలు లేవు.

"ఎవరూ అనడం లేదమ్మా, ఏం చెయ్యను? జనం దానికి పేరు పెట్టి చెప్పరు. 'వాడంతే' అంటారు, అయిపోయింది" అన్నారు మాస్టారు.

"'వాడంతే' అన్నది మాట కాదు మాస్టారూ, నెలాఖరుకి ప్రెస్సుకి వెళ్ళాలి" అన్నాడు ఎర్రకలం. మా ప్రధాన సంపాదకుడు. ఆయన ఎదుట సార్ అంటాం.

జనవరి 8, బుధవారం

బస్సులో చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. నా ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్ళు నలభై నిమిషాల పాటు ఒక తోటికోడలిని ఉతికి ఆరేశారు. ఒక్కసారి స్వభావం అనలేదు, ఒక్కసారి నైజం అనలేదు. "ఆవిడంతే" అని మాత్రం ఏడుసార్లు అన్నారు.

జనవరి 10, శుక్రవారం

పదకొండు చీటీలూ సర్దేశాను.

సర్దేశాను! ఎవరూ చదవని ఈ డైరీలో కూడా ఎంత శుభ్రమైన మాట దొరికిందో నాకు.

రాశాను. మధ్యాహ్నం భోజనాల వేళ అందరూ కిందికి వెళ్ళాక గంటలో అన్నీ అల్లి రాసేశాను. నా పేరు పెడితే ఎర్రకలం "మీరు వీధిలోకి ఎప్పుడు వెళ్ళారు?" అంటాడు. మాస్టారి పేరుంటే ఎవరూ అడగరు. ఆయన చీటీలు ఇన్నేళ్ళుగా కళ్ళకి అద్దుకుని చదువుతున్నాను, ఆయన రాత నా చేతిలోంచి అలవోకగా వచ్చేసింది. 'త' తోక కొంచెం ఎడమకి, పొడి అక్షరాల కింద చిన్న అడ్డగీత. ఏడో తరగతిలో ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టాను. అప్పుడూ ఎవరూ కనిపెట్టలేదు.

తేదీలు పోయిన ఏడాదివి చల్లాను. జనం ఇలాంటివి ఎక్కడో అక్కడ అనే ఉంటారు కదా. మాస్టారు ఆ సమయానికి అక్కడ లేరు, అంతే.

జనవరి 20, సోమవారం

ఎర్రకలం నా గుంపు చూశాడు. రంపం మిల్లు చీటీ దగ్గర ఆగి అందరికీ వినిపించేలా చదివాడు. "'ఎంత చిత్రిక పట్టినా ఈ చెక్క నైజం పోదండీ, వానపడితే మళ్ళీ వంకర తిరుగుతుంది.' అదీ వాక్యమంటే! మాస్టారి చెవిన తప్ప ఇలాంటివి ఇంకెవరి చెవిన పడతాయి?"

సాయంత్రం దాకా హాయిగా ఉన్నాను. ఆ వాక్యం నాది కదా అని లోపల మురిసిపోయాను. మెప్పు మాస్టారికి వెళ్ళినందుకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది. ఇప్పుడు రాస్తుంటే ముఖం వేడెక్కుతోంది. దొంగతనం చేసి, ఆ సొమ్ము పక్కవాడి ఇంట్లో దొరికితే కుళ్ళుకున్నట్టుంది నా వాలకం.

ఫిబ్రవరి 11, మంగళవారం

ప్రూఫులు వచ్చాయి. మాస్టారు తన వాక్యాలు తాను సరిచూసుకోవడానికి వచ్చారు, చీటీల కట్ట పక్కన పెట్టుకుని, ప్రతి వరుస కింద వేలు పెట్టి చదువుతూ. వేలు ఒకచోట ఆగింది. చీటీ పట్టుకుని ఎర్రకలం దగ్గరికి వెళ్ళారు. నా బల్ల రెండడుగుల దూరంలోనే.

"ఈ రంపం మిల్లు చీటీ నాది కాదేమోనండీ. నవంబరు పన్నెండు అని ఉంది. ఆవేళ నాకు కంటి ఆపరేషనయింది. వారం రోజులు కట్టుతో మంచం మీదున్నాను."

ఆ వారం పళ్ళు పట్టుకుని ఆయన్ని చూడ్డానికి వెళ్ళింది నేను. తేదీ వేసేటప్పుడు అది తట్టలేదు.

ఎర్రకలం చీటీ అటూ ఇటూ తిప్పి చూశాడు. "రాత మీదే కదా మాస్టారూ."

మాస్టారు కళ్ళజోడు సవరించుకుని చూశారు. చాలాసేపు చూశారు. "రాత నాదే" అన్నారు. గొంతు తగ్గింది.

"మీరు రోజూ చూస్తారుగా ఈ చీటీలు, మీకేమనిపిస్తోంది?" అని ఎర్రకలం నా వైపు తిరిగాడు.

అప్పుడు చెప్పవలసింది. నోరు తెరిస్తే చాలు. తెరిచాను కూడా.

"మాస్టారి రాతే సార్" అన్నాను.

ఎర్రకలం చెడ్డవాడేం కాదు. మెత్తగానే అన్నాడు. "డెబ్బై ఆరు వస్తున్నాయి. ఒక్కోసారి తేదీలు తారుమారవుతాయి లెండి." మాస్టారు తలూపారు. వెళ్ళేటప్పుడు గొడుగు మర్చిపోయారు. అది చూసి అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. నేను కూడా చూశాను, ఏమీ తెలియనట్టు.

ఫిబ్రవరి 12, బుధవారం

రేపు చెబుతాను.

ఫిబ్రవరి 13, గురువారం

మాస్టారు రాలేదు. రాని మనిషికి ఏం చెబుతాం.

ఫిబ్రవరి 17, సోమవారం

మాస్టారు వచ్చారు. గొడుగు కోసం అనుకున్నాను. తన సొరుగులన్నీ దింపించుకుని నేల మీద కూర్చున్నారు. నా గుంపులో మిగతా పదీ గంటలో ఏరేశారు. ఒక్కటీ గుర్తు రాలేదట. ఎలా గుర్తొస్తాయి?

"ఇవన్నీ నేనే రాశాను, ఎక్కడ విన్నానో తెలీదు. మా నాన్నకి ఇలాగే మొదలైందమ్మా. ముందు తేదీలు పోయాయి, తర్వాత మనుషులు పోయారు. చివరికి అమ్మని పట్టుకుని నువ్వెవరివి అన్నాడు."

"అబ్బే, మీకేం కాలేదు మాస్టారూ" అన్నాను. ఆ మాటైనా నిజం చెప్పాననుకున్నాను. అందరూ అనే మాట అది, ఎవరూ నమ్మరు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన పాత చీటీలు కూడా తీశారు. "ఇది చూడు. 'ఈ నూతి నీళ్ళ గుణమే వేరు, పప్పు ఇట్టే ఉడుకుతుంది.' వంటావిడ అన్నదని రాశాను. అన్నదా? ఏమో, నేను అల్లానేమో." ఆ చీటీ నిజమైనది. ఆయన అది తెచ్చిన రోజు నాకు తెలుసు, ఆ వంటావిడని అనుకరిస్తూ చేయి తిప్పి మరీ చెప్పారు. ఇవాళ దాన్ని పక్కకి పెట్టేశారు, అనుమానం కుప్పలోకి. సాయంత్రానికి ఆ కుప్ప నమ్మకమైన చీటీల కుప్పని మించిపోయింది.

ఆయన తెచ్చిన నిజాలకి చెద పట్టింది. పట్టించింది నేను.

ఫిబ్రవరి 20, గురువారం

కూరలో ఉప్పు రెండుసార్లు వేశానట. మా ఆయన అన్నం పక్కకి నెట్టి అడిగారు. బస్సు డ్రైవరు కదా, అద్దంలో చూసి మనిషిని కనిపెట్టే అలవాటు. "ఏమైంది నీకు?"

ఆఫీసులో ఒకావిడ సంగతి అని చెప్పాను. ఆవిడెవరో తప్పుడు చీటీలు రాసిందనీ, పెద్దాయన తనకి మతి పోయిందనుకుంటున్నాడనీ, ఆవిడ నోరు విప్పడం లేదనీ.

"సిగ్గులేని మనిషిలా ఉందే ఆవిడ" అన్నారు.

"పాపం, ఆవిడకీ ఉద్యోగం ఉంటుందిగా."

"ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది. ఆ ముసలాయనకి బుర్ర ఇంకోటి దొరుకుతుందా?"

ఆయనకి మజ్జిగ వడ్డించాను. ఆవిడెవరని అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్ని. అడగలేదు మరి.

ఫిబ్రవరి 28, శుక్రవారం

మాస్టారు ఉత్తరం రాశారు. తన చీటీల్లో ఏది నిజమో తనకే నమ్మకం లేదు కాబట్టి ఈ సంపుటంలో తన పొడి అక్షరాలున్నవన్నీ తీసేయమని. ఇక ఆఫీసుకి రానని. ఎర్రకలం ఉత్తరం బల్ల మీద పెట్టి కలం మూత పెడుతూ తీస్తూ కూర్చున్నాడు. పదో తేదీకి తేల్చేస్తానన్నాడు. తీసేస్తే పుస్తకం సగానికి సగం మూగబోతుంది.

ఒక విధంగా ఆయనకి విశ్రాంతే. ఎండనక వాననక ఎంతకాలమని తిరుగుతారు? ఇంటి పట్టున ఉంటే కోడలికీ నిశ్చింత.

పైన రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను. నేనెలాంటి దాన్నో ఎక్కడో ఒకచోట ఉండాలి.

రేపు చెబుతాను.

మార్చి 8, శనివారం

మందుల దుకాణం దగ్గర మాస్టారు కనిపించారు. పక్కన కోడలు, మోచెయ్యి పట్టుకుని ఉంది. వీధి దాటడానికి పట్టుకున్న పట్టు కాదు, వదిలితే ఎటు పోతారోనన్న పట్టు. ముప్ఫయ్యేళ్ళు ఈ వీధులన్నీ ఒక్కరే తిరిగిన మనిషి.

ఆయనే ముందు పలకరించారు. "అమ్మా, బాగున్నావా? నీ గుంపు పూర్తయిందా?" ఇప్పటికీ నా పని గురించే. జేబులో ఎప్పటిలాగే చీటీ అంచు కనబడితే సంతోషం పట్టలేకపోయాను. "మళ్ళీ మొదలుపెట్టారా మాస్టారూ?" అన్నాను.

ఆయన ఆ చీటీ తీసి చూపించారు, సిగ్గుపడుతూ. మా ఆఫీసు చీటీయే. 'మాట' అని ఉన్న చోట ఆయన పేరు. 'ఎక్కడ' అని ఉన్న చోట ఇంటి నంబరు, వీధి. కింద కొడుకు ఫోన్ నంబరు.

"దారి తప్పితే ఎవరైనా ఇంటికి చేరుస్తారని" అన్నారు.

నాకు తలకొట్టేసినట్టయింది. సిగ్గుపడవలసింది ఆయనా?

మార్చి 9, ఆదివారం

వెళ్ళాను.

మాస్టారు కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నారు, ఒళ్ళో మడత విప్పని పేపరు. కూర్చోమన్నారు. కూర్చుంటే చెప్పలేనని తెలిసి నిలబడే చెప్పాను.

"మాస్టారూ, ఆ పదకొండు చీటీలు మీరు రాసినవి కావు. నేను రాశాను, మీ రాతలో. మీకు ఏ మతిమరుపూ లేదు."

ఆయన నన్ను చూసి నవ్వారు. ఎంత మంచి నవ్వో. "సంపాదకుడు పంపించాడా?"

"ఎవరూ పంపలేదండీ. నిజం చెబుతున్నాను."

"నీ మీద వేసుకుంటే ముసలాడు కుదుటపడతాడని వచ్చావు. వద్దమ్మా. నీ స్వభావం నాకు తెలుసు, నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదు."

ఒట్టు పెట్టాను. ఏ రోజు రాశానో, ఏ వాక్యం ఎలా అల్లానో చెప్పుకుంటూ పోయాను. ఆయన చిన్నపిల్ల మారాం చూస్తున్నట్టు తలూపుతున్నారు. కోడలు వంటింట్లోంచి వచ్చింది. "ఎందుకండీ ఆయన్ని ఇంకా అయోమయంలో పెడతారు? డాక్టరు అసలే మనసు కష్టపెట్టొద్దన్నాడు."

నిజం చెప్పినా నమ్మనంత మంచిపేరు నాది. ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది, కానీ నేను పోతే ఆయన ఆ చీటీ జేబులో పెట్టుకునే బతుకుతారు.

సంచిలోంచి ఖాళీ చీటీ తీశాను. పేపరు మీద పెట్టి ఆయన ఎదురుగానే రాశాను. మాట: స్వభావం. వాక్యం: నీ స్వభావం నాకు తెలుసు, నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదు. ఎవరన్నారు: ఒక పెద్దాయన. ఎక్కడ: ఇంట్లో. తేదీ: ఇవాళ్టిది. 'త' తోక ఎడమకి తిప్పాను. కింద ఆయన పొడి అక్షరాలు, చిన్న అడ్డగీతతో సహా. ఇచ్చాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. వెలుగులోకి పట్టి చూశారు. పేపరు అంచున అదే వాక్యం తాను రాసుకుని రెండూ పక్కపక్కన పెట్టారు.

"మళ్ళీ రాయి."

మళ్ళీ రాశాను.

"ఎన్నాళ్ళుగా?"

"ఆ పదకొండే మాస్టారూ. మిగతావన్నీ మీవే. నలభై వేలూ మీవే. నూతి నీళ్ళ చీటీ కూడా. వంటావిడ చేయి తిప్పిందని మీరు నాకు చేసి చూపించారు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. "పప్పు గరిటె" అన్నారు. "చేతిలో పప్పు గరిటె ఉంది ఆవిడకి."

"అవునండీ."

"విన్నావా అమ్మాయ్?" అని కోడలిని పిలిచారు. "నా బుర్ర బాగానే ఉందట. బాగానే ఉంది." అని ఏడ్చారు. చొక్కా అంచుతో ముఖం తుడుచుకుంటూ, ఆపుకుంటూ, మళ్ళీ ఏడుస్తూ. నేను ఏడవలేదు. ఏడిస్తే నన్ను ఓదార్చాల్సి వచ్చేది. ఆ మాత్రం సిగ్గు మిగిలి ఉంది నాలో.

తర్వాత పెన్ను అడిగి తీసుకున్నారు. నేను రాసిన మొదటి చీటీ మీద తన పొడి అక్షరాలు కొట్టేశారు. "అన్నది నేను. విన్నది నువ్వు. ఇక్కడ నీవి ఉండాలి." నావి పెట్టాను, నా రాతలో. అక్షరాలు వంకర తిరిగాయి.

"క్షమించండి మాస్టారూ" అన్నాను.

ఆయన జేబులోంచి ఇంటి చిరునామా చీటీ తీసి కోడలికిచ్చారు. "ఖాళీవి ఉన్నాయా?" అన్నారు నా ముఖం చూడకుండా. నా సంచిలో ఉన్న కట్ట మొత్తం ఇచ్చాను. జేబులో పెట్టుకుని, చెప్పులు వేసుకుని, ఒక్కరే వీధిలోకి వెళ్ళిపోయారు. కోడలు ఆపలేదు. నాకు మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు, గుమ్మం దాకా వచ్చి తలుపు వేసుకుంది.

మార్చి 10, సోమవారం

ఎర్రకలానికి అంతా చెప్పాను. ఆయన అరవలేదు, అరిస్తే తేలిగ్గా ఉండేది. పదకొండు చీటీలూ నా చేతే చింపించాడు. మాస్టారి ఉత్తరం కూడా చింపేశాడు. ఇకపైన నేను అర్థాలు రాయను, ప్రూఫులు మాత్రం చూస్తాను. వాక్యాలు దొరకని అర్థాలు ఖాళీగానే వేద్దామన్నాడు. మొదటి నుంచీ అలా వేసినా కొంప మునిగేది కాదు.

"స్వభావానికి మూడోది ఏదైనా ఉందా?" అన్నాడు చివర్లో, అలవాటు కొద్దీ.

అబద్ధం చెప్పకూడదు కదా ఇక. సంచిలోంచి తీసి ఇచ్చాను. చదివాడు. "ఎవరీ పెద్దాయన? ఎవరిని అన్నాడు?"

"మాస్టారు. నన్ను. నిన్న."

ఒక్కో గడీ వేలితో సరిచూసి, "నియమం ప్రకారం అన్నీ ఉన్నాయి" అని కట్టలో పెట్టేశాడు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను, ఆ ఆఫీసావిడ నేనేనని. "తెలుసు" అన్నారు.

జూన్ 4, బుధవారం

చివరి ప్రూఫులు. స్వభావం కింద మూడో ఉదాహరణ: నీ స్వభావం నాకు తెలుసు, నువ్వు అబద్ధం రాసే మనిషివి కాదు. నిఘంటువులో ఎవరు అన్నారో, ఎవరిని అన్నారో అచ్చు వేయరు. రేపు బళ్ళలో పిల్లలు వల్లెవేస్తారు కాబోలు.

మాస్టారు వచ్చారు. ఎండకి నల్లబడ్డారు, నడక చురుగ్గా ఉంది. ఈ మధ్య చీటీలు ఇచ్చేటప్పుడు జాబితా రాసుకొచ్చి దాని మీద నా సంతకం పెట్టించుకుంటున్నారు. ఇవాళ ప్రూఫు ముందేసుకుని వరుస వరుసకీ వేలు జరుపుతూ వచ్చారు. ఆ వాక్యం దగ్గర వేలు ఆగింది. నేను పక్కనే నిలుచున్నాను. పంతొమ్మిదేళ్ళు నువ్వు అన్నారు, అమ్మా అన్నారు.

"తప్పులేమైనా ఉన్నాయా మాస్టారూ?"

"లేవండీ" అన్నారు. "అన్నది అన్నట్టే వేశారు మీరు."

వేలు కిందికి జరిగింది.